ప్రదర్శన పశువుల పెంపకంలో ఆబోతు ఎంపిక

దూడ పెరిగి పదిమందిలో నిలబడేలా ఉండాలి. పుట్టేటప్పుడు తల్లి ప్రాణం మీదికి తేకూడదు. ఈ రెండూ కుదిరేలా ఆవుకు ఆబోతును, బర్రెకు దున్నను చూసుకోవడమే ఆబోతు ఎంపిక. రెండింటికీ కొంత పేచీ ఉంది. పెద్దగా ఎదిగే పశువు పుట్టుకలోనూ బరువుగానే ఉండటం మామూలు. పుట్టినప్పుడు చిన్నగా ఉండి ఆ తరవాత చకచకా ఎదిగే సంతానాన్నిచ్చే ఆబోతులూ ఉంటాయి కాని తక్కువ. వెతకాల్సింది వాటినే.

హైదరాబాద్ చుట్టుపక్కల ప్రదర్శన పశువు అనగానే గుర్తొచ్చేది సదర్. దీపావళి ముగిశాక యాదవులు దున్నలకు నూనె రాసి, కొమ్ములకు రంగులు వేసి, పూలదండలతో నారాయణగూడకు నడిపించుకొస్తారు. 2024లో తెలంగాణ ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పండుగగా గుర్తించింది. హర్యానా నుంచి ముర్రా దున్నలను లారీల్లో తెప్పించడం ఇప్పుడు రివాజు. వాటిలో పేరుమోసిన యువరాజ్ బరువు ఒకటిన్నర టన్నుల దాకా ఉంటుందని పత్రికలు రాశాయి. చూసినవాడికి ‘ఈ దున్న పిల్ల మన కొట్టంలో ఉంటే’ అనిపించక మానదు. అయితే చూపరులు మెచ్చేది ఏడెనిమిదేళ్లు మేపిన ఒంటిని. మన కొట్టంలోని పడ్డ ఈనాల్సింది ఆ దున్న సంతానం పుట్టిననాటి ఒంటిని. ఈ రెండో లెక్క చెప్పేవాళ్లు తక్కువ.

ఊరి ఆబోతు నుంచి స్ట్రా దాకా

ఒంగోలు సీమలో పెద్దవాళ్లు పోయినప్పుడు వారి పేరిట కోడెను అచ్చువేసి వదిలే ఆచారం ఉండేది. అలా వదిలే కోడెను ఏదో ఒకటని కాక మూపురం, గంగడోలు, కాళ్ల పొందిక, తల్లి పాడి చూసి మరీ ఎంచేవారు. ‘అచ్చోసిన ఆంబోతు’ అనే మాట నేడు పనీపాటా లేక తిరిగేవాడికి తిట్టుగా మిగిలింది కాని, ఒకప్పుడు ఊరి మంద నాణ్యత ఆ జంతువు మీదే ఆధారపడింది. ఒంగోలు దగ్గరి కరవది పేరు పెట్టుకున్న ఆబోతు 1960ల మొదట్లో బ్రెజిల్ చేరి అక్కడి నెలోర్ జాతికి మూలపురుషుల్లో ఒకటయింది. పచ్చిక మైదానాల్లో ఎవరి సాయమూ లేకుండా ఈనడం నెలోర్‌కు పేరు తెచ్చిన గుణాల్లో ఒకటి. దూడ తల సన్నం, ఒళ్లు పొడుగు, పుట్టుక బరువు సుమారు 30 కిలోలు.

కాని నేడు సంగారెడ్డి జిల్లా జిన్నారం మండలంలోని గడ్డపోతారం లాంటి చోట ఊరుమ్మడి ఆబోతు నిలవడం కష్టం. ఖాజీపల్లి, బొల్లారం, గడ్డపోతారం మందుల పరిశ్రమల వరస. పటాన్‌చెరు ప్రాంతపు కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది. పశువులు తాగే నీరు కూడా ఆ గొడవలో భాగమే. బీడు తగ్గినచోట పాడి సాగేది కొన్న మేత మీద, చూలు నిలిచేది కృత్రిమ గర్భధారణ సూది మీద. కాబట్టి ఇక్కడ ఆబోతును ఎంచడమంటే నైట్రోజన్ డబ్బాలో స్ట్రాను ఎంచడమే.

ఆ స్ట్రా పావు మిల్లీలీటరు వీర్యం పట్టే సన్నని ప్లాస్టిక్ గొట్టం. మైనస్ 196 డిగ్రీల్లో ఉన్నదాన్ని తీసి, 37 డిగ్రీల గోరువెచ్చని నీటిలో అర నిమిషం ఉంచి వాడతారు. దాని మీద వీర్య కేంద్రం గుర్తు, జాతి, ఆబోతు నంబరు, తీసిన తేదీ అచ్చువేసి ఉంటాయి. రైతులు సాధారణంగా సూది వేసే గోపాలమిత్రను ‘హెచ్చెఫ్ఫా (హోల్‌స్టీన్ ఫ్రీజియన్), జెర్సీయా’ అని అడిగి ఊరుకుంటారు. నంబరు రాసుకునేవారు అరుదు. ఆ నంబరు లేకపోతే రేపు దూడ బాగున్నా, ఈత బిగిసినా ఏ ఆబోతు వల్లో చెప్పే దారి ఉండదు. అదే ఆబోతు కూతుళ్లకు మళ్లీ అదే స్ట్రా పడకుండా చూసుకోవడానికీ దారి ఉండదు.

మన దేశపు వీర్య కేంద్రాల జాబితాల్లో ప్రధానంగా కనిపించేది ఆబోతు తల్లి పాల దిగుబడి, వెన్న శాతం. అమెరికా మాంసపు జాతుల జాబితాల్లో ప్రతి ఆబోతుకూ దూడ పుట్టుక బరువు అంచనా, ఈత సౌలభ్యపు అంచనా విడివిడిగా అచ్చవుతాయి. తొలిచూలు పెయ్యలకు వేయదగిన ఆబోతులను అక్కడి రైతు వాటిని చూసే ఏరుకుంటాడు. పుట్టుక బరువు బాగానే వంశానుగతం కాబట్టి ఆ అంకె పనికొస్తుంది. మన దగ్గర అది దొరకనప్పుడు అదే నంబరు దూడలు పుట్టిన నాలుగు కొట్టాలు తిరిగి అడగడమే మార్గం.

తల్లిని కొలిచాకే తండ్రి

దూడ సైజు తండ్రి ఒక్కడి చేతిలో లేదు. కేంబ్రిడ్జిలో వాల్టన్, హామండ్ 1938లో ప్రచురించిన ప్రయోగం దీనికి పాత ఉదాహరణ. భారీ షైర్ గుర్రాన్నీ పొట్టి షెట్‌లాండ్ గుర్రాన్నీ అటూ ఇటూ కలిపితే, పొట్టి తల్లికి పుట్టిన పిల్ల భారీ తల్లికి పుట్టినదానిలో దాదాపు మూడో వంతే తూగింది. రెండు పిల్లల రక్తమూ అదే పాళ్లు, తేడా గర్భసంచిదే. పశువుల్లో ఇంకో మెలిక ఉంది. మూపురం ఉన్న ఆబోతును మూపురం లేని విదేశీ ఆవుకు కడితే దూడ బరువెక్కుతుంది, అదీ కోడెదూడైతే మరీను. తిరగేసి మూపురపు ఆవుకు విదేశీ ఆబోతును కడితే దూడ తేలిక. అందుకే ‘పెద్ద ఆబోతు, పెద్ద దూడ’ అన్న ఒక్క సూత్రం మీద నడవకూడదు.

కొలత తేలికే. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత అంగుళాల్లో తీసి, దాన్ని దానితోనే హెచ్చవేసి, భుజం నుంచి పిరుదు ఎముక దాకా ఉన్న పొడవుతో మళ్లీ హెచ్చవేసి, 660తో భాగిస్తే ఇంచుమించు కిలోలు వస్తాయి. చుట్టు 60, పొడవు 50 అంగుళాలున్న సంకర పెయ్య సుమారు 273 కిలోలు. దూడ తల్లి బరువులో ఏడెనిమిది శాతం ఉంటే ఈత సాఫీ అనుకోవచ్చు. అంటే ఈ పెయ్యకు 19 నుంచి 22 కిలోలు. హెచ్చెఫ్ దూడ 35 కిలోలు దాటడం మామూలే. చిన్న నాటు పెయ్యలకు హెచ్చెఫ్ వద్దు, జెర్సీ వేయించమని పశువైద్యులు చెప్పడంలోని లెక్క ఇదే. జహీరాబాద్, నారాయణఖేడ్ వైపు తెలుపు నలుపు మచ్చల దేవని ఆవులుంటే వాటికి దేవని ఆబోతే మేలు. జాతి నిలుస్తుంది, దూడ బరువూ ఇరవై కిలోల చిల్లర దగ్గర ఆగుతుంది.

ఆడదూడలు కోడెదూడల కన్నా ఒకటి నుంచి మూడు కిలోలు తేలిక. లింగనిర్ధారిత వీర్యంతో పదింట తొమ్మిది పెయ్యదూడలే పుడతాయి కాబట్టి తొలిచూలుకు అది రెండు విధాలా లాభం. పండుగకు దున్నపోతే కావాలనుకునేవారికి మాత్రం అది పనికిరాదు.

బర్రెల కథ కొంత వేరు. ముర్రా బర్రె సుమారు 310 రోజులు మోసి, 30 కిలోలు పైబడ్డ దూడను మామూలుగానే ఈనుతుంది. వాటి కష్టపు ఈతలకు మొదటి కారణం దూడ సైజు కాదు, గర్భసంచి మెలి తిరగడం. సదర్ దున్న మీద మోజుపడ్డ రైతు ఆవుల వాడికన్నా కొంత నిబ్బరంగా ఉండవచ్చు. చిన్న పడ్డలకు మాత్రం ఆ నిబ్బరం వర్తించదు. మూడువందల కిలోలు దాటకముందే కట్టిస్తే ఏ దున్న అయినా ఇబ్బందే.

పుంగనూరు మోజు, బెల్జియం పాఠం

చిత్తూరు ప్రాంతపు పుంగనూరు ఆవు ఎత్తు సుమారు 70 నుంచి 90 సెంటీమీటర్లు. పలమనేరు పశు పరిశోధన స్థానం దీన్ని కాపాడుకొచ్చింది. 2024 జనవరిలో ప్రధాని నివాసంలో ఈ ఆవులకు మేత పెడుతున్న దృశ్యాలు వచ్చాక నగరాల చుట్టూ ఫామ్‌హౌస్‌లలో మోజు పెరిగింది. ఎత్తు తగ్గేకొద్దీ ధర పెరుగుతుంది. ఇక్కడ ప్రమాదం తిరగబడి వస్తుంది. నూట యాభై కిలోల ఆవు పక్క దొడ్డి ఒంగోలు ఆబోతుతో కలిస్తే తల్లి గర్భం దూడను కొంత అదుపు చేస్తుంది కాని పూర్తిగా కాదు. పొట్టి జాతిని కొనేవారు ముందు గట్టి కంచె కట్టుకోవాలి.

కండ కోసమే ఎంచితే ఏమవుతుందో బెల్జియన్ బ్లూ జాతి చూపిస్తుంది. కండను అదుపు చేసే మయోస్టాటిన్ జన్యువులో చిన్న లోపం వల్ల ఆ పశువుల పిరుదులు రాళ్లు పేర్చినట్టుంటాయి. ప్రదర్శనల్లో చప్పట్లు వాటికే. ఆ జాతి ఈతల్లో పదింట తొమ్మిదికి పైగా కడుపు కోసి దూడను తీయాల్సిందే.

చూడి, ఈత, తూకం

చూడి ఆవుకు మేత తగ్గిస్తే దూడ చిన్నదవుతుందన్న నమ్మకం ఇంకా ఉంది. దూడ బరువులో ఎక్కువ భాగం చివరి మూడు నెలల్లోనే చేరుతుంది. ఆ రోజుల్లో ఒట్టి జొన్నచొప్ప మీద ఉంచితే తల్లికి ముక్కే బలం పోతుంది, పాలు పడిపోతాయి. దూడ మాత్రం అనుకున్నంత తగ్గదు.

ఉమ్మనీటి సంచి పగిలాక ముందుకాళ్లు రెండూ, వాటి మీద ఆనించిన మూతి కనబడాలి. గిట్టలు ఒకదాని మీద ఒకటి అడ్డంగా పడి వస్తుంటే భుజాలు బిగుసుకున్నాయని అర్థం. అప్పుడు తాడు కట్టి నలుగురు లాగడం కన్నా పశువైద్య సహాయ నంబరు 1962కు ఫోన్ చేయడం మంచిది. గంట, గంటన్నరలో ముందుకు సాగకపోతే ఇక ఆగకూడదు.

దూడ ఒళ్లు ఆరాక, మొదటి రోజే, గోనెసంచిని ఉయ్యాలలా కట్టి కాటాకు వేలాడదీస్తే పుట్టుక బరువు తెలుస్తుంది. గోడ మీద బొగ్గుతో రాసినా సరే, ఆ అంకె పక్కన స్ట్రా నంబరు, తల్లి ఎన్నో ఈత, సాయం అవసరమైందా లేదా అన్నవి చేరాలి. అలాంటి వరసలు ఇరవై ఉన్న కొట్టం దగ్గర పక్క ఊరివాళ్లు స్ట్రా నంబరు అడిగి వెళతారు.