నల్లజాతి యూనివర్సిటీకి ఛాన్సలర్ అంటే.. కుర్చీ పెద్దదే, ఖజానా తాళం మాత్రం వేరేవాళ్ల చేతిలో!

ఛాన్సలర్ అనగానే మనకు గవర్నర్ గుర్తుకొస్తారు. తెలుగు రాష్ట్రాల్లో చాలా ప్రభుత్వ యూనివర్సిటీలకు హోదా రీత్యా ఛాన్సలర్ ఆయనే. రోజువారీ పాలన నడిపేది వీసీ. అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో లెక్క వేరు. అక్కడ ఛాన్సలర్ అంటే మన వీసీ లాంటివారే. నియామకాలు, బడ్జెట్, సీట్లు, హాస్టళ్లు, రీసెర్చ్.. అన్నింటికీ ఆయనే జవాబుదారీ. అది చారిత్రక నల్లజాతి యూనివర్సిటీ అయితే బరువు ఇంకాస్త ఎక్కువ. ఆ బరువు ఎలా ఉంటుందో తెలియాలంటే గ్రీన్స్‌బొరో నగరంలోని నార్త్ కరోలినా అగ్రికల్చరల్ అండ్ టెక్నికల్ స్టేట్ యూనివర్సిటీని చూడాలి. అందరూ పిలిచే పేరు ‘ఏ అండ్ టీ’.

హెచ్‌బీసీయూ అంటే ఏంటి?

నల్లజాతి విద్యార్థుల చదువు కోసం 1964కు ముందు ఏర్పాటైన కాలేజీలు, యూనివర్సిటీలను అమెరికా చట్టం ‘హెచ్‌బీసీయూ’లుగా గుర్తిస్తుంది. ఇవి దాదాపు 100 ఉన్నాయి. వీటిలో సగం వరకు ప్రభుత్వానివే. ఇప్పుడు అన్ని జాతుల వాళ్లూ ఇక్కడ చేరొచ్చు.

1890లో అమెరికా ప్రభుత్వం ఓ చట్టం తెచ్చింది. వ్యవసాయ, సాంకేతిక కాలేజీలకు కేంద్రం నిధులు కావాలంటే రాష్ట్రాలు నల్లజాతి వాళ్లనూ చేర్చుకోవాలి, లేదంటే వాళ్లకు విడిగా కాలేజీ పెట్టాలి. దక్షిణాది రాష్ట్రాలు రెండో దారి ఎంచుకున్నాయి. అలా 1891లో పుట్టిందే ఏ అండ్ టీ. తెల్లజాతి విద్యార్థుల కోసం రాలీలో పెట్టిన కాలేజీ ఇవాళ్టి నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ. ఒకే రాష్ట్రం, ఒకే పని, రెండు కాలేజీలు. నిధుల్లో తేడా మాత్రం దశాబ్దాల పాటు కొనసాగింది.

ఛాన్సలర్ పైన ఎవరుంటారు?

ఏ అండ్ టీ 1972లో రాష్ట్ర యూనివర్సిటీల ఉమ్మడి వ్యవస్థలో చేరింది. అప్పటివరకు ప్రెసిడెంట్‌గా ఉన్న లూయిస్ డౌడీ తొలి ఛాన్సలర్ అయ్యారు. ఈ వ్యవస్థలో ఏ అండ్ టీతో కలిపి ఐదు హెచ్‌బీసీయూలు ఉన్నాయి.

అన్నింటి పైన బోర్డ్ ఆఫ్ గవర్నర్స్ ఉంటుంది. అందులో ఓటు హక్కున్న 24 మందిని రాష్ట్ర చట్టసభే ఎన్నుకుంటుంది. ఛాన్సలర్ నియామకం ఈ బోర్డు చేతిలోనే ఉంది. రాష్ట్ర నిధులు ఇచ్చేదీ ఆ చట్టసభే. అంటే ఛాన్సలర్ ఎవరినైతే డబ్బు అడగాలో, తన కుర్చీ కూడా చివరికి వాళ్ల మీదే ఆధారపడి ఉంటుంది. గట్టిగా అడగాలి.. తెగేదాకా లాగకూడదు. అసలు కష్టం ఇక్కడే.

15 ఏళ్ల ప్రయాణం

2009లో హెరాల్డ్ మార్టిన్ ఛాన్సలర్‌గా వచ్చారు. ఎలక్ట్రికల్ ఇంజినీర్ అయిన ఆయన ఏ అండ్ టీలోనే చదివారు. అక్కడి పూర్వ విద్యార్థి ఒకరు ఈ పదవికి రావడం అదే మొదటిసారి. అంతకుముందు విన్‌స్టన్-సేలం స్టేట్ యూనివర్సిటీకీ ఛాన్సలర్‌గా చేశారు.

ఆయన హయాంలో, 2014లో, ఏ అండ్ టీ దేశంలోనే అతిపెద్ద హెచ్‌బీసీయూ అయింది. నల్లజాతి ఇంజినీర్లను ఎక్కువగా తయారుచేసే యూనివర్సిటీగా పేరు నిలబెట్టుకుంది. 2020లో మెకెంజీ స్కాట్ 4.5 కోట్ల డాలర్ల విరాళం ఇచ్చారు. 2024లో మార్టిన్ తప్పుకున్నారు. ఆ స్థానంలో జేమ్స్ మార్టిన్ వచ్చారు. ఇంటిపేరు ఒకటే కానీ చుట్టరికం లేదు. ఆ ఏడాదే విద్యార్థుల సంఖ్య 14 వేలు దాటింది.

207 కోట్ల డాలర్ల లోటు

2023 సెప్టెంబర్‌లో అమెరికా విద్యాశాఖ, వ్యవసాయశాఖ మంత్రులు 16 రాష్ట్రాల గవర్నర్లకు లేఖలు రాశారు. నార్త్ కరోలినాకు వచ్చిన లేఖలో ఉన్న లెక్క ఇదీ.. ఒక్కో విద్యార్థికి నార్త్ కరోలినా స్టేట్‌తో సమానంగా ఇచ్చి ఉంటే, 1987 నుంచి 2020 మధ్య ఏ అండ్ టీకి మరో 207 కోట్ల డాలర్లు దక్కేవి.

మెకెంజీ స్కాట్ విరాళం లాంటివి 46 వస్తేనే ఆ లోటు పూడుతుంది. విరాళం ఒకసారి వస్తుంది, ల్యాబులు, హాస్టళ్లు, జీతాల ఖర్చు మాత్రం ఏటా ఉంటుంది. పైగా అది లేఖే, ఆదేశం కాదు. కోర్టు దారి కూడా సులువు కాదు. మేరీల్యాండ్‌లో 2006లో మొదలైన కేసు 2021లో 57.7 కోట్ల డాలర్ల ఒప్పందంతో ముగిసింది. అంటే 15 ఏళ్లు పట్టింది.

సీటు ఎవరికి?

డిమాండ్ పెరిగితే ఇంకో చిక్కు. ఈ వ్యవస్థలో ఫస్టియర్‌లో బయటి రాష్ట్రాల వాళ్లకు 18 శాతం పరిమితి ఉండేది. ఇక్కడి పన్నుల డబ్బుతో నడిచే సీట్లు ఇక్కడి పిల్లలకే అన్నది ప్రభుత్వ వాదన. కానీ ఏ అండ్ టీకి దేశమంతటి నుంచి దరఖాస్తులు వస్తాయి. 2021లో బోర్డు హెచ్‌బీసీయూలకు ఈ పరిమితిని 25 శాతానికి పెంచింది. ఎంతమందిని చేర్చుకోవాలన్న నిర్ణయం కూడా పూర్తిగా ఛాన్సలర్ చేతిలో లేదన్నమాట.

1960 నేర్పిన పాఠం

1960 ఫిబ్రవరి 1న ఏ అండ్ టీ ఫస్టియర్ విద్యార్థులు నలుగురు వూల్‌వర్త్ స్టోర్‌లో తెల్లవాళ్లకే పరిమితమైన భోజనాల కౌంటర్ దగ్గర కూర్చున్నారు. వడ్డించకపోయినా లేవలేదు. ఆ నిరసన దక్షిణాది అంతా పాకింది. వాళ్లను ఆపాలంటూ అప్పటి ప్రెసిడెంట్ వార్మోత్ గిబ్స్‌పై ఒత్తిడి వచ్చింది. కాలేజీ నడిచేది ప్రభుత్వ డబ్బుతోనే అయినా ఆయన విద్యార్థులకు అడ్డుపడలేదు. జులై 25న ఆ కౌంటర్‌లో నల్లజాతి వాళ్లకూ వడ్డన మొదలైంది.

ఈ కుర్చీకి వచ్చే ప్రతి ఒక్కరినీ అక్కడి వాళ్లు కొలిచేది రెండు కొలతలతోనే. చట్టసభ నుంచి ఎంత తెచ్చారు? అవసరమైన రోజున విద్యార్థుల వైపు నిలబడ్డారా? మొదటిది కాగితం మీద కనిపిస్తుంది. రెండోది ఆ రోజు వస్తేనే తెలుస్తుంది.