బ్రేక్‌లో గాలి తీసే పనిముట్లు: పెడల్ తొక్కే కుర్రాడి నుంచి ల్యాప్‌టాప్ దాకా

ఈ ఎపిసోడ్ పెనుమూడి వారధి దగ్గర షూట్ చేస్తున్నాం. కృష్ణ మీద గాలి హోరు మైకులోకి వస్తోంది, కాస్త సర్దుకోండి.

చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది: "బ్రో, ఇంట్లోనే కారు బ్రేక్ ఎయిర్ తీసుకోవాలంటే ఏ టూల్ కొనాలి?" జవాబు రెండు ముక్కల్లో చెప్పేయొచ్చు. కానీ ఈ టూల్స్ ఎందుకు పుట్టాయో తెలిస్తే ఏది కొనాలో మీకే అర్థమైపోతుంది. నా లెక్కలో వీటి చరిత్ర అంతా ఒకటే: డ్రైవర్ సీట్లో కూర్చుని పెడల్ తొక్కే రెండో మనిషి లేకుండా పని ఎలా కానివ్వాలి అని.

ముందు గాలి సంగతి. మనం పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్ బ్రేక్ ఆయిల్‌ని నెడుతుంది, ఆ ఒత్తిడి పైపుల్లోంచి నాలుగు చక్రాలకీ వెళ్తుంది. ద్రవం నొక్కితే కుదించుకుపోదు, గాలి కుదించుకుపోతుంది. పైపులో ఒక్క బుడగ ఉన్నా మీ కాలి బలం దాన్ని నలపడానికే ఖర్చయిపోతుంది. పెడల్ స్పాంజిలా మెత్తగా దిగుతుంది, బండి మాత్రం ఆగదు.

ఈ హైడ్రాలిక్ బ్రేక్ వెనకున్న మనిషి మాల్కమ్ లాక్‌హీడ్. పేరు విన్నట్టుందా? విమానాల లాక్‌హీడ్ ఉంది చూడండి, ఆ ఇంటివాడే. అమెరికాలో 1917లో పేటెంట్ ప్రయత్నాలు మొదలుపెట్టాడు. 1921లో డ్యూసెన్‌బర్గ్ మోడల్ ఏ కారుకి నాలుగు చక్రాలకీ హైడ్రాలిక్ బ్రేకులు వచ్చాయి. 1924లో క్రైస్లర్ వాటిని మామూలు కొనుగోలుదారు దాకా తెచ్చింది. ఫోర్డ్ మాత్రం పెడల్ నుంచి చక్రం దాకా ఉక్కే ఉండాలని పట్టుబట్టి 1939 దాకా మెకానికల్ బ్రేకులతోనే లాగించింది. అంత మొండితనం ఎందుకో నాకు కొంత అర్థమవుతుంది. కడ్డీలో గాలి దూరదు కదా!

ఇక్కడో విషయం మనవాళ్లకి నచ్చుతుంది. ఆ రోజుల్లో బ్రేక్ ఆయిల్ అంటే ఆల్కహాల్ కలిపిన ఆముదం. నిజంగానే మన ఆముదం! లోపలున్న సహజ రబ్బరు సీళ్లని అది పాడుచేయదు. అదే పెట్రోలియం నూనె పోస్తే రబ్బరు ఉబ్బిపోతుంది. ఇప్పుడు ఆముదం పోయి గ్లైకాల్ ఆయిల్ వచ్చినా ఆ సూత్రం మారలేదు. అర్జెంటుగా ఉందని బ్రేక్ డబ్బాలో ఇంజిన్ ఆయిల్ పోశారో, సీళ్లన్నీ మార్చుకోవాల్సిందే.

సరే, గాలి తీయడం. అంబాసిడర్ల కాలం నుంచి మన షెడ్లలో పద్ధతి ఒకటే. మేస్త్రీ చక్రం దగ్గర పడుకుంటాడు, కుర్రాడు సీట్లో కూర్చుంటాడు. "తొక్కు... తొక్కు... పట్టుకో!" అనగానే కుర్రాడు పెడల్ నొక్కి పట్టాలి. మేస్త్రీ నిపుల్ కాస్త వదులు చేస్తాడు, బుడగలతో ఆయిల్ చిమ్ముతుంది, నిపుల్ బిగిస్తాడు. "వదులు!" నిపుల్ బిగించకముందే కుర్రాడు కాలు తీసేస్తే బయటి గాలి మళ్లీ లోపలికి పోతుంది, పని మొదటికొస్తుంది, మొట్టికాయ కూడా పడుతుంది. షెడ్డులో చేరినవాడికి మొదటి పాఠం చాలాసార్లు ఇదే. ఆ కుర్రాళ్లలో ఎంతమంది బడి మానేసి వచ్చినవాళ్లో మనందరికీ తెలుసు. పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడాన్ని 2016 సవరణతో చట్టం దాదాపు పూర్తిగా నిషేధించింది. పాతకాలం షెడ్ల గురించి ముచ్చటగా చెప్పుకునేటప్పుడు ఈ ముక్క వదిలేయడం నాకు ఇష్టం లేదు.

ఆ రెండో మనిషి బదులు వచ్చినవే మిగతా టూల్స్. అన్నిటికంటే చవకది వన్-వే వాల్వ్ ఉన్న ట్యూబు: ఆయిల్ బయటికి వస్తుంది, గాలి వెనక్కి పోదు. తర్వాతది చేత్తో లాగే వాక్యూమ్ పంపు. దీంతో ఒక చిక్కుంది. నిపుల్ మరల సందుల్లోంచి కూడా గాలి లాగేస్తుంది. ట్యూబులో బుడగలు ఆగకుండా వస్తుంటే పైపులో ఇంకా గాలి ఉందనుకుని లీటర్లు లీటర్లు పోసేస్తారు. మరల మీద కొంచెం గ్రీజు రాస్తే చాలావరకు తగ్గుతుంది. మూడోది ప్రెషర్ బ్లీడర్, పై డబ్బా నుంచే ఒత్తిడితో నెడుతుంది. ఇంగ్లండ్‌లో గన్సన్ వాళ్ల ఈజీబ్లీడ్ అయితే స్టెప్నీ టైరులో గాలినే వాడుకుంటుంది, తెలివంటే అదీ! కాకపోతే టైరు గాలి ముందు 20 పీఎస్ఐ కంటే కిందికి దించుకోవాలి. లేదంటే మూత దగ్గర లీకై ఆయిల్ బానెట్ అంతా చిమ్ముతుంది, పెయింటు ఊడిపోతుంది.

అయితే నన్నడిగితే వీటన్నిటికంటే ముందు కొనాల్సింది పానా. నిపుల్ సైజు కారుని బట్టి 8 నుంచి 11 ఎంఎం మధ్య ఉంటుంది. ఆరు మూలల రింగు పానా తీసుకోండి. పన్నెండు మూలలది, ఓపెన్ పానా రెండూ వద్దు. మన దగ్గర ఉప్పుగాలికి నిపుల్ తుప్పు పట్టి ఉంటుంది, మూలలు అరిగిపోయాక దాన్ని విప్పడం నరకం. ముందురోజే తుప్పు వదిలే స్ప్రే కొట్టి ఉంచండి. దీనికి తోడు పారదర్శకమైన ట్యూబు, ఒక సీసా. సీసాలో కాస్త కొత్త ఆయిల్ పోసి ట్యూబు కొస అందులో మునిగేలా పెట్టండి. సీట్లో కూర్చోడానికి ఇంట్లో తమ్ముడో, మీ ఆవిడో ఉంటే ఇంకేం కొనక్కర్లేదు. పాత బండైతే పెడల్‌ని నేలదాకా తొక్కొద్దని చెప్పండి. మాస్టర్ సిలిండర్‌లో ఎప్పుడూ వాడని అడుగు భాగంలో తుప్పుంటే సీలు చిరుగుతుంది.

ఇక పెనుమూడి ఎందుకొచ్చానంటే, ఈ గాలిలో తడి కోసం. గ్లైకాల్ ఆయిల్ తేమని పీల్చుకుంటుంది. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, నీరు చేరాక అది 140కి పడిపోవచ్చు. డాట్ 4కి ఇవే లెక్కలు 230, 155. ఇక్కడి నుంచి రేపల్లె, బాపట్ల దాకా నేలంతా బల్లపరుపు. అంత వేడి ఎప్పుడూ పుట్టదు కాబట్టి ఏళ్ల తరబడి ఆయిల్ మార్చకపోయినా తేడా తెలియదు. అదే బండేసుకుని సెలవుల్లో తిరుమల వెళ్తాం. దిగేది 1944 నాటి పాత ఘాట్ మీద, మలుపు మలుపుకీ బ్రేకే. అక్కడ ఆ నీరు మరిగి ఆవిరైతే పైపులో గాలి చేరినట్టే, పెడల్ నేలకి ఆనిపోతుంది. కారులో అమ్మానాన్నలు ఉంటారు. రెండేళ్లకోసారి ఆయిల్ మార్చమనేది అందుకే.

చివరిగా ఏబీఎస్. 1978లో బాష్ తయారుచేసింది బెంజ్ ఎస్-క్లాస్‌కి వచ్చింది, ఇప్పుడు మన కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి. మామూలుగా ఆయిల్ మార్చడానికి పైన చెప్పిన పద్ధతే చాలా కార్లకి సరిపోతుంది. కానీ ఏబీఎస్ యూనిట్ లోపలికి గాలి చేరితే చాలా కార్లలో స్కాన్ టూల్ పెట్టి సాఫ్ట్‌వేర్‌తో వాల్వులు ఆడించాలి, అది షెడ్డు పనే. నా పాత ఉద్యోగం ఇక్కడ కూడా వెంటపడింది! తమాషా ఏంటంటే, మధ్యలో ఆ స్క్రీన్ మీదే మెసేజ్ వస్తుంది: బ్రేక్ పెడల్ నొక్కి పట్టండి అని.

ఏ చక్రం ముందు, ఏది తర్వాత అన్నది మీ కారు మాన్యువల్‌లో చూసుకోండి, అన్నిటికీ ఒకటే వరస కాదు. పని మధ్యలో పై డబ్బాలో ఆయిల్ అడుగంటకుండా పోస్తూ ఉండండి. సీసాలో చేరిన పాత ఆయిల్ మళ్లీ పోయొద్దు, కాలవలోకి అసలే వద్దు. అయిపోయాక ఇంజిన్ ఆన్ చేసి, బండి కదపకుండా పెడల్ గట్టిగా తొక్కి ఒక నిమిషం పట్టుకోండి. మెల్లగా దిగిపోతోందంటే ఆ రోజుకి తాళాలు లోపల పెట్టేయండి.