కార్ టైర్స్: పెద్ద అలాయ్ వీల్స్ వేయిస్తున్నారా? ఈ లెక్క చూడకుండా షాపుకెళ్లొద్దు!

పవర్‌ఫుల్ కారు చేతికి రాగానే చాలామంది చేసే మొదటి పని.. పెద్ద అలాయ్ వీల్స్ వేయించడం. లుక్ అదిరిపోతుంది, నిజమే. కానీ సైజు తప్పితే టైరు ఫెండర్‌కు రాసుకుంటుంది. స్పీడోమీటర్ లెక్క మారిపోతుంది. ఒక్క గుంతకే రిమ్ వంగిపోవచ్చు.

అంకెల్లో ఏముంది?

ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీనే తీసుకుందాం. 150 పీఎస్ ఇంజిన్ ఉన్న ఈ సెడాన్‌కు కంపెనీ ఇచ్చే సైజు 205/55 ఆర్16. అంటే టైరు వెడల్పు 205 మి.మీ. సైడ్‌వాల్ ఎత్తు అందులో 55 శాతం.. దాదాపు 113 మి.మీ. రిమ్ 16 అంగుళాలు. అన్నీ కలిపితే చక్రం ఎత్తు సుమారు 632 మి.మీ. ఈ 632 గుర్తుపెట్టుకోండి. కొత్త సెట్ ఏదైనా దీనికి దగ్గర్లోనే ఉండాలి.

17 అంగుళాల రిమ్‌కు 225/45 వేస్తే 634 వస్తుంది. చక్కగా సరిపోతుంది. అదే 16లోనే 205/60 వేస్తే 652.. అంటే 3 శాతం పైనే తేడా. మీటర్‌లో మునుపటిలాగే 100 కనిపిస్తున్నా, బండి ఇంకో 3 కి.మీ. ఎక్కువ వేగంతో పోతుంటుంది. పికప్ కూడా కాస్త తగ్గుతుంది.

18 అంగుళాల మోజు

225/40 ఆర్18 వేస్తే ఎత్తు 637. లెక్క కుదిరినట్టే ఉంటుంది. కానీ సైడ్‌వాల్ 90 మి.మీ.కి పడిపోతుంది. గుంత దెబ్బను మింగాల్సింది ఆ రబ్బరే కదా! వానాకాలంలో నీళ్లు నిండిన గుంత లోతెంతో ఎవరికి తెలుసు? పైగా ఈ సైజులో మామూలు టైర్ల లోడ్ ఇండెక్స్ 88.. ఒక్కో టైరు మోసేది 560 కిలోలే. 205/55 ఆర్16లో మామూలుగా వచ్చే 91 అయితే 615 కిలోలు మోస్తుంది. 18కే వెళ్లాలంటే ఎక్స్‌ట్రా లోడ్ అని ముద్ర ఉన్న టైరే తీసుకోవాలి. పక్కనే ఉండే అక్షరం గరిష్ఠ వేగం.. హెచ్ అంటే గంటకు 210, వి అంటే 240 కి.మీ. కంపెనీ ఇచ్చినదాని కంటే తక్కువ రేటింగ్‌కు దిగొద్దు.

రిమ్ దగ్గరా పొరపాట్లు జరుగుతాయి. వర్టస్‌కు 5 బోల్టులు, 100 మి.మీ. పీసీడీ. 112 పీసీడీ రిమ్ చూడ్డానికి ఒకేలా ఉన్నా బిగించకూడదు. ఆఫ్‌సెట్ మరీ తగ్గితే చక్రం బయటికి పొడుచుకొస్తుంది, బేరింగ్‌పై భారం పెరుగుతుంది. బరువు కూడా అడగండి. చవక అలాయ్ బరువెక్కువైతే యాక్సిలరేషన్, బ్రేకింగ్ రెండూ మందగిస్తాయి.

లుక్ కోసం కాకుండా గ్రిప్ కోసమే అయితే.. రిమ్ జోలికి పోకుండా అదే సైజులో మంచి గ్రిప్ ఉన్న టైర్లు వేయించడమే బెటర్. ఖర్చూ తక్కువే. కొనేటప్పుడు డాట్ కోడ్ చివరి నాలుగు అంకెలు చూడండి. 2325 అని ఉంటే 2025లో 23వ వారం తయారైందని అర్థం. రిమ్ మారిస్తే మాత్రం ఇన్సూరెన్స్ కంపెనీకి ముందే చెప్పండి.. క్లెయిమ్ సమయంలో పేచీ రాకుండా ఉంటుంది.