వేలంలో దొంగపాట

ఆమధ్య ఒక అంతర్జాల వేలంలో 1939 నాటి ఆరవ జార్జి వెండి రూపాయి కనిపించింది. అరుదైన నాణెం. నా పెట్టెలో దాని గడి ఏళ్ళ తరబడి ఖాళీగా ఉన్నది. పింఛను లెక్క చూసుకొని పాట పాడాను. నేను పెంచిన ప్రతిసారీ మారుపేరు గల ఒకడు నూరు రూపాయలు హెచ్చించాడు. చివరకు విరమించుకొన్నాను. వారం తిరక్కుండా అదే నాణెం, అంచున అదే గీతతో, మళ్ళీ వేలానికి వచ్చింది!

అప్పుడు పాటల పట్టిక తిరగవేశాను. ఆ మారుపేరువాడు పాడినవన్నీ ఆ ఒక్క విక్రేత సరుకుకే. గెలిచినవి మళ్ళీ అంగడికే చేరాయి. ఒక్క లక్షణంతో దోషం నిర్ణయించరాదు; అన్నీ కలిస్తే తప్పుకోవడమే మేలు.

ఈ విద్య కొత్తది కాదు. వెల పెంచడానికి విక్రేత దొంగపాటగాణ్ణి నిలపరాదని క్రీ.పూ. 44లోనే రోమను వక్త సిసిరో వ్రాశాడు. యజమాని రహస్యంగా పాడించుకోవడం మోసమని 1776లో ఇంగ్లండు న్యాయమూర్తి మాన్స్‌ఫీల్డు ప్రభువు తీర్పు చెప్పాడు. మన దేశంలో 1872 నాటి కాంట్రాక్టు చట్టం 123వ సెక్షను, దాని స్థానే 1930 నాటి వస్తు విక్రయ చట్టం 64వ సెక్షను, అటువంటి బేరాన్ని రద్దు చేసుకొనే హక్కును కొన్నవానికిచ్చాయి.

సంతవేలంలో పాటగాడి ముఖమైనా కనబడేది. "వాడు అమ్మేవాడి బావమరిదే" అని ఎవరో ఒకరు చెవిన వేసేవారు. ఇక్కడ పాటల పట్టికే సాక్షి. నా గడి ఇంకా ఖాళీయే. మనసుకు మాత్రం వెలితి లేదు.