తెర మీద వాళ్లే, బట్టలూ వాళ్లవే: ‘ద డాటర్ ఆఫ్ డాన్’ (1920)



మూకీల కాలంలో అమెరికాలో కౌబాయ్ సినిమాలు లెక్కలేనన్ని వచ్చాయి. వాటిల్లో ఆదివాసీ అంటే దాడి చేసేవాడు, లేదంటే చచ్చేవాడు. ఆదివాసీ ముఖ్యపాత్ర ఉన్నా, చాలాసార్లు తెల్లవాళ్లే ముఖానికి రంగేసుకుని నటించేవారు.

అట్లాంటి రోజుల్లో, 1920లో, ఓక్లహోమాలోని విచిటా కొండల్లో ఒక ప్రేమకథ తీశారు. పేరు ‘ద డాటర్ ఆఫ్ డాన్’, అంటే ‘వేకువ కూతురు’. నటులంతా ఆదివాసీలే. కయోవా, కమాంచీ తెగల వాళ్లు దాదాపు 300 మంది. బట్టలు, గుడారాలు, గుర్రాలు తమవే తెచ్చుకున్నారు. హీరో వైట్ పార్కర్, ఇంకో ముఖ్యపాత్ర వేసిన వనాడా పార్కర్ ఇద్దరూ క్వానా పార్కర్ పిల్లలు. ఆ క్వానా ఎవరు? అమెరికా సైన్యంతో పోరాడి 1875లో లొంగిపోయిన కమాంచీ నాయకుడు.

కథ చిన్నదే. నాయకుని కూతురిని ఇద్దరు కోరుకుంటారు. ఎవరిది నిజమైన ప్రేమో తేల్చడానికి, కొండ అంచు నుంచి దూకమంటాడు నాయకుడు. ఒకడు దూకుతాడు, ఇంకొకడు వెనక్కి తగ్గుతాడు.

కథ రాసిందీ, తీసిందీ తెల్లవాళ్లే. ఆ మాట దాచొద్దు. కానీ ఆ నడక, ఆ గుర్రపుస్వారీ ఎవరూ నేర్పినవి కావు.

సినిమా కొద్దిచోట్లే ఆడింది, తర్వాత కనపడలేదు. అప్పటి రీళ్లు తొందరగా అంటుకునేవి, పాడయ్యేవి. పాతబడ్డాయని కంపెనీలే పారేసేవి. అమెరికా మూకీ కథాచిత్రాల్లో నూటికి 70 అట్లనే పోయాయి. ఇదీ పోయిందనే అనుకున్నారు. చివరికి నార్త్ కరోలినాలో ఒక ప్రైవేటు డిటెక్టివ్ దగ్గర తేలింది. చేసిన పనికి డబ్బుల బదులు ఎవరో ఇచ్చారట! 2007లో ఓక్లహోమా చరిత్ర సంస్థ కొని బాగు చేయించింది. 2012లో మళ్లీ తెర మీదికి వచ్చింది. 2013లో అమెరికా జాతీయ చిత్రాల జాబితాలో చేరింది.

కానీ అసలు విలువ ఆ జాబితాలో లేదు. సినిమా చూసిన వారసులు తెర మీద తమ వాళ్లను గుర్తుపట్టారు. రీలు దొరికినా, అందులోని ముఖాలకు పేర్లు చెప్పగలిగేది ఆ ఇంటివాళ్లే.

అందుకే ఒక మాట. మీ ఇంట్లో పాత ఫొటో ఉంటే ఈ పండక్కి తాత, అవ్వ పక్కన కూర్చోండి. ఎవరెవరో అడిగి, వెనకాల పేర్లు రాయండి. వాళ్లు ఉన్నప్పుడే రాయండి.