చంక్రమణం – మేధ: వార్ధక్యంలో నడక విలువ

వార్ధక్యం ప్రాప్తించిన పిమ్మట దేహానికి శ్రమ కలిగించక, జపధ్యానాలతో ఒకచోట ఆసీనులై ఉండడమే ఉచితమని మనలో అనేకుల భావన. సంతానం సైతం ప్రేమచేతనే, "మీరు కూర్చోండి నాన్నగారూ, మేము చూసుకుంటాము" అంటారు. ఈ భావనకు శాస్త్రమూలం కలదా? విచారిద్దాం.

మూలం లేకపోలేదు. వాగ్భటాచార్యుల అష్టాంగహృదయం దినచర్యాధ్యాయంలో వ్యాయామాన్ని ప్రశంసిస్తూనే, బాలురు, వృద్ధులు, అజీర్ణపీడితులు దానిని వర్జించాలని విధించినది. బలవంతులు కూడా అర్ధశక్తి మేరకే ఆచరించాలన్నది. అయితే ఇక్కడ వ్యాయామశబ్దానికి అర్థమేమి? శరీరానికి ఆయాసం కలిగించే కర్మ వ్యాయామమని సుశ్రుతుని నిర్వచనం. వృద్ధులకు నిషిద్ధమైనది ఆ ఆయాసమే కాని, చలనం కాదు.

సుశ్రుతసంహిత ఈ భేదాన్ని స్పష్టపరచినది. చికిత్సాస్థానం 24వ అధ్యాయంలో వ్యాయామం వేరుగా, చంక్రమణం, అనగా నడక, వేరుగా చెప్పబడినవి. దేహాన్ని మిక్కిలి పీడించని నడక ఆయుర్బలాలను, మేధను, జఠరాగ్నిని ప్రసాదించి ఇంద్రియాలను మేల్కొలుపుతుందని అక్కడి తాత్పర్యం. నడక ఫలం పాదాలకే పరిమితం కాదు, మేధకూ చెందుతుందని మన పూర్వులు గుర్తించారన్నమాట.

ఆధునిక చరిత్రలో ఆచార్య వినోబా భావే జీవితం ఇందుకు ఒక దృష్టాంతం. 1951 ఏప్రిల్ 18న నల్లగొండ ప్రాంతంలోని పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డిగారు 100 ఎకరాలు సమర్పించగా భూదానోద్యమం ఆరంభమైనది. అప్పటికి వినోబాగారి వయస్సు 55 సంవత్సరాలు. అటుపై సుమారు 13 సంవత్సరాలు దేశమంతటా కాలినడకన సంచరించి, గ్రామగ్రామాన ప్రవచనాలు చేస్తూ, 1964లో 68వ ఏట పవనార్ ఆశ్రమానికి మరలివచ్చారు. అంతటి సుదీర్ఘ పాదయాత్రలో వారి అధ్యయన, ప్రవచనాలు కుంటుపడలేదు.

ఒక మహనీయుని జీవితం దృష్టాంతమే కాని ప్రమాణం కాదు. ప్రమాణం కోరేవారు 2011లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధనను గమనించవచ్చు. 120 మంది వృద్ధులను రెండు బృందాలుగా విభజించారు. ఒక బృందం వారానికి మూడు దినాలు, క్రమంగా 40 నిమిషాల వరకు పెంచుతూ, చురుకుగా నడిచినది. రెండవది అవయవాలను సాగదీసే తేలికపాటి అభ్యాసాలు చేసినది. సంవత్సరాంతానికి నడిచినవారి మెదడులో స్మృతికి ఆధారమైన హిప్పోకాంపస్ అనే భాగం సుమారు 2 శాతం వృద్ధి చెందగా, రెండవ బృందంలో అది క్షీణించినది. నడక సకల మతిమాంద్యాలనూ నివారిస్తుందని దీని భావం కాదు. వార్ధక్యంలో సైతం మెదడుకు వృద్ధి సాధ్యమన్నదే ఇందలి సారం.

ఆలయంలో నిత్యం చూస్తుంటాము: నడవగలిగిన పెద్దలు కూడా నిలుచున్నచోటనే ఆత్మప్రదక్షిణ చేసి తృప్తి చెందుతారు. అశక్తులకు అది విహితమే. శక్తి ఉన్నవారు మాత్రం ప్రాకారం చుట్టూ నామస్మరణతో నడవండి. హృద్రోగం, కీళ్ళనొప్పులు కలవారు వైద్యుని సలహా మేరకు నడక పరిమాణాన్ని నిర్ణయించుకోండి. సంతానానికి ఒక విన్నపం: తల్లిదండ్రులకు ఆసనం వేయడమే సేవ అనుకోవద్దు. చేయి పట్టుకొని వారితో కలిసి నడవడం అంతకు మించిన సేవ.

స్వస్తి.