నల్లతెర మీది చిట్టా: ఎమిరేట్స్ ఆఫీసుల్లో ఇంట్రానెట్ కథ

(ప్రవాస తెలుగు కుటుంబాల కోసం చేసిన రేడియో ప్రసంగానికి అక్షరరూపం)



చాలా ఏళ్ళ కిందట, షార్జాలో మా పక్క ఫ్లాట్‌లో ఉండే మిత్రుడి కూతురికి బళ్ళో ఒక వ్యాసం రాయమన్నారు. విషయం: నాన్నగారి ఉద్యోగం. తోటిపిల్లలు డాక్టరనీ, ఇంజనీరనీ, బ్యాంకులో ఆఫీసరనీ రాసుకొచ్చారు. ఈ పిల్ల మాత్రం "మా నాన్న గురువారం రాత్రి నల్లతెర ముందు కూర్చుని తెల్ల అక్షరాలు కొడతారు, ఆదివారం నాటికి ఆఫీసులో కొత్త సైట్లు ఉంటాయి" అని రాసింది. టీచరు పక్కన ఎర్ర సిరాతో ఒక ప్రశ్నార్థకం పెట్టారట. మిత్రుడు ఆ కాగితం నాకు చూపించి నవ్వాడు. నాదీ అదే ఉద్యోగం. కానీ ఆ ప్రశ్నార్థకానికి జవాబు ఇద్దరం చెప్పలేకపోయాం. ఇవాళ ఆ జవాబే చెప్పే ప్రయత్నం చేస్తాను.

ముందు కొంచెం వెనక్కి వెళదాం. ఎమిరేట్స్‌లో ఎతిసలాత్ సంస్థ ప్రజలకి ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టింది 1995లో. 1999లో దుబాయ్ ఇంటర్నెట్ సిటీ కడతామని ప్రకటించి, ఏడాదికల్లా, 2000 అక్టోబరులో తలుపులు తెరిచారు. మరుసటేడు ప్రభుత్వ సేవలకి ఈ-గవర్నమెంట్ పోర్టల్ వచ్చింది. మనకి హైదరాబాదులో సైబర్ టవర్స్ 1998 నవంబరులో మొదలైతే, ఇక్కడ రెండేళ్ళ తేడాతో అదే ఊపు వచ్చిందన్నమాట. అక్కడ అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ ఉన్న శిక్షణ కేంద్రాల్లో కోర్సు చేసి, సర్టిఫికెట్ల ఫైలు చంకన పెట్టుకుని, విజిట్ వీసా మీద దుబాయిలో దిగిన మన కుర్రాళ్ళు ఎంతోమంది. వాళ్ళలో నేనూ ఒకణ్ణి.

ఇంట్రానెట్ అంటే ఏమిటో ఇంట్లోవాళ్ళకి అర్థమయ్యేట్టు చెబుతాను. ఇంటర్నెట్ ఊరందరికీ ఉన్న బజారు వీధి. ఇంట్రానెట్ ఇంటి లోపలి పెరడు. కంపెనీలో పనిచేసేవాళ్ళకి మాత్రమే కనిపించే సైటు. సెలవు దరఖాస్తులు, సర్క్యులర్లు, ఫోను నంబర్లు, మీటింగు వివరాలు, అన్నీ అందులో ఉంటాయి. ఎమిరేట్స్‌లో ఆ రోజుల్లో దీని అవసరం అందరికంటే ఎక్కువగా పడింది నిర్మాణ కంపెనీలకి. బుర్జ్ ఖలీఫా పని 2004లో మొదలై 2010 జనవరిలో ప్రారంభోత్సవం జరిగింది కదా, ఆ కాలమంతా ఎటు చూసినా క్రేన్లే. ప్రతి ప్రాజెక్టుకీ డ్రాయింగులు, వాటి సవరణలు, కన్సల్టెంటుని అడిగే ప్రశ్నలు, భద్రతా నివేదికలు కుప్పలు తెప్పలు. వీటిని చూసుకోవడానికే డాక్యుమెంట్ కంట్రోలర్ అని ఒక ఉద్యోగం ఉంది, గల్ఫులో ఉన్నవాళ్ళకి తెలుసు. పాత డ్రాయింగు చూసి పొరపాటున గోడ కట్టేస్తే, మళ్ళీ పగలగొట్టాల్సింది కరీంనగర్ నుంచో, నిజామాబాద్ నుంచో, గోదావరి జిల్లాల నుంచో వచ్చి ఎండలో నిలబడ్డ మన కూలీలే. అందుకని సరైన కాగితం సరైన చోట ఉండడం చిన్న విషయం కాదు.

ఈ పనికి చాలా కంపెనీలు వాడింది మైక్రోసాఫ్ట్‌వాళ్ళ షేర్‌పాయింట్. 2001లో మొదటిది, 2003లో రెండోది, 2007 పేరుతో మూడోది వచ్చాయి. మూడోది బాగా పాతుకుపోయింది. కొత్త ప్రాజెక్టు రాగానే దానికొక సైటు తెరవాలి. మౌసు పట్టుకుని ఒక్కో పేజీలో ఒక్కో గడి నింపుతూ పోవాలి: పేరు, చిరునామా, యజమాని, డ్రాయింగుల లైబ్రరీ, ఎవరు చూడొచ్చు, ఎవరు మార్చొచ్చు. నాకు ఒక్కో సైటుకి ముప్పావుగంట పట్టేది. పన్నెండు సైట్లంటే రోజంతా. పదో సైటుకి వచ్చేసరికి కళ్ళు మూతలు పడేవి, ఏదో ఒక గడి తప్పేది.

అందులో ఎమిరేట్స్‌లో ఎదురయ్యే ఒక చిక్కుంది. ఇక్కడ ఆఫీసంటే రెండు భాషలు. అరబ్బీ కుడి నుంచి ఎడమకి, ఇంగ్లీషు ఎడమ నుంచి కుడికి. 2007 షేర్‌పాయింట్‌లో సైటు భాష పుట్టుకతోనే నిర్ణయమైపోయేది. తర్వాత మార్చడం కుదరదు. ప్రతి భాషకీ ఒక అంకె ఉంది. ఇంగ్లీషుకి 1033, అరబ్బీకి 1025. మన తెలుగుకీ ఉందండోయ్, 1098. నేను ఒకసారి సిబ్బంది విభాగం అరబ్బీ సైటుని నిద్రమత్తులో ఇంగ్లీషులో తెరిచేశాను. వాళ్ళు వారం రోజులు కాగితాలన్నీ ఎక్కించాక గాని ఎవరూ గమనించలేదు. మొత్తం కూల్చి మళ్ళీ కట్టాను. కాలమానానికీ అంకెలే. భారతదేశానిది 23, అబుధాబీది 24. పక్కపక్క అంకెలు కావడంతో, ఒక్క అంకె అటూ ఇటూ అయితే మీటింగులన్నీ గంటన్నర జరిగిపోయేవి.

ఇక నల్లతెర సంగతికి వద్దాం. షేర్‌పాయింట్‌తోపాటే ఎస్‌టీఎస్‌ఆడ్మ్ అని ఒక పనిముట్టు వచ్చేది. దానికి బొమ్మలు లేవు, బటన్లు లేవు. ఒక వాక్యంలో చెప్పాలి: ఫలానా చిరునామాలో, ఫలానా యజమాని పేరున, 1025 భాషలో ఒక సైటు సృష్టించు. ఎంటర్ నొక్కితే సృష్టించేది. అలాంటి వాక్యాలు పన్నెండు ఒక ఫైల్లో వరసగా రాసుకుని ఆ ఫైలుని నడిపిస్తే, పన్నెండు సైట్లూ ఒకదాని వెంట ఒకటి లేచి నిలబడేవి. ఇలా రాసిపెట్టుకున్న ఆజ్ఞల వరసనే స్క్రిప్టు అంటారు. ఇంట్లో పెళ్ళికి సామాన్ల చిట్టా రాసినట్టే. ఒకసారి జాగ్రత్తగా రాసి సరిచూసుకుంటే, తర్వాత ఎవరు చదివినా అదే సామాను వస్తుంది. అందరూ ఇళ్ళకి పోయాక సర్వరు ఖాళీగా ఉంటుంది కాబట్టి గురువారం రాత్రి నడిపేవాళ్ళం. 2006 సెప్టెంబరు నుంచి 2021 చివరిదాకా ఇక్కడ వారాంతం శుక్ర, శనివారాలుగా ఉండేది కదా.

నాకు ఈ విద్య నేర్పినాయన్ని నేను కలిసింది నాలుగే నాలుగు రోజులు. 2008 చివర ఆర్థిక మాంద్యం దుబాయిని తాకింది. ప్రాజెక్టులు ఆగాయి. వీసా రద్దయితే అప్పట్లో 30 రోజుల్లో దేశం వదలాలి. నేను చేరిన కంపెనీలో నా ముందున్నాయన తెలుగువాడే, వయసులో పెద్ద. పిల్లల్ని పరీక్షల మధ్యలో బడి మాన్పించి, సామాన్లు సగం ధరకి అమ్మేసి వెళ్ళిపోతున్నారు. జీతం తక్కువకి దొరికాననే నన్ను పెట్టుకున్నారని ఇద్దరికీ తెలుసు. అయినా ఆయన ఒక ఫోల్డరు తెరిచి చూపించారు. అందులో అన్ని స్క్రిప్టులూ పేర్లు పెట్టి వరసగా ఉన్నాయి. ప్రతిదాని పైనా ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు: "బాబూ, ఇది గురువారం రాత్రే నడపాలి." "ముందు బ్యాకప్ తీయనిదే ఇది ముట్టుకోవద్దు." "అరబ్బీ సైట్లకి 1025, మర్చిపోకు." నాకోసమే రాసినట్టుంది. కానీ నేను వస్తానని తెలియక ముందే రాసిపెట్టారాయన.

ఆ మంచితనం నేను అందుకున్నానా? లేదు. భయం పట్టుకుంది. తెలిసింది పక్కవాడికి చెబితే రేపు నా గతీ అంతేననిపించింది. కొత్త స్క్రిప్టులు నా సొంత ల్యాప్‌టాప్‌లో దాచుకున్నాను. పాస్‌వర్డులు తలలోనే. మన ఊళ్ళలో కరణంగారి ఇంటి పెట్టెలో ఊరి లెక్కలుండేవి చూడండి, అలా. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆ పదవులు రద్దుచేసినప్పుడు దస్త్రాలు అప్పగించక తప్పలేదు. నేను మాత్రం నా పెట్టె ఎప్పటికీ తెరవక్కర్లేదనుకున్నాను.

తెరవాల్సిన రోజు మా చెల్లెలి పెళ్ళిలో వచ్చింది. కాకినాడలో పందిట్లో ఉండగా ఫోను. ఒక సైటు పాడైంది, బ్యాకప్ నుంచి తిరిగి నిలబెట్టాలి. ఆఫీసులో ఉన్నది ఒక మలయాళీ కుర్రాడు, పాపం కొత్తవాడు. సన్నాయి మేళం మధ్య నేను ఫోన్లో అరుస్తున్నాను: అడ్డగీత, తర్వాత ఓ అక్షరం, ఖాళీ, ఇప్పుడు చిరునామా. అతనికి ఒక ప్రాజెక్టు పేరు ఇంకోలా వినబడింది. పాతదాని మీద కొత్తది రాసేయమనే మాట కూడా ఆ ఆజ్ఞలో ఉంది. చక్కగా ఉన్న వేరే ప్రాజెక్టు సైటు మీద పాత బ్యాకప్ వచ్చి కూర్చుంది. ఆ రోజంతా కష్టపడి ఒక డాక్యుమెంట్ కంట్రోలరమ్మ నమోదు చేసిన డ్రాయింగులు పోయాయి. ఆవిడ ఒక్క మాటా అనలేదు, శుక్రవారం వచ్చి మళ్ళీ నమోదు చేసుకుంది. తప్పు ఆ కుర్రాడిది కాదు. రాసిపెట్టి ఉంటే చదివి కొట్టేవాడు. తిరిగి రాగానే నా ల్యాప్‌టాప్‌లో ఉన్నవన్నీ ఆఫీసు ఫోల్డర్లోకి ఎక్కించాను, పైన మాటలతో సహా.

ఇదే కాలంలో పనిముట్టు కూడా మారింది. మాటలతో కంప్యూటరుని నడపడం కొత్తేమీ కాదు, 1970ల్లోనే యూనిక్స్‌వాళ్ళు చేసి చూపించారు. విండోస్‌కి అలాంటిది కావాలని జెఫ్రీ స్నోవర్ అనే ఇంజనీరు 2002లో మొనాడ్ పేరుతో ఒక పత్రం రాశాడు. అదే 2006 నవంబరులో పవర్‌షెల్‌గా బయటికొచ్చింది. 2010 షేర్‌పాయింట్‌తో దానికి ఐదు వందలకు పైగా ఆజ్ఞలు అమరాయి. వాటి పేర్లు ముందు క్రియ, తర్వాత నామం: తీసుకురా-సైటు, కొత్తది-సైటు, తీసెయ్-సైటు అన్నట్టు. పేరు చదివితే పని తెలుస్తుంది. నాకు అన్నిటికంటే నచ్చింది చాలా ఆజ్ఞల చివర తగిలించగలిగే "వాట్-ఇఫ్" అనే మాట. అది పెడితే పని చేయదు, చేస్తే ఏం జరుగుతుందో చెబుతుంది. కాకినాడ పందిట్లో ఆ మాటొకటి నాకుంటే ఎంత బావుండేదో!

ఈ రాతపని విలువ అందరికీ తెలిసొచ్చింది 2021 డిసెంబరులో. ఆ నెల 7న ప్రభుత్వం వారాంతాన్ని శని, ఆదివారాలకి మారుస్తున్నట్టు ప్రకటించింది. శుక్రవారం ఒంటిపూట పని. 2022 జనవరి 1 నుంచి అమలు. షార్జాలో మాత్రం శుక్ర, శని, ఆదివారాలు మూడూ సెలవన్నారు. నాలుగు వారాలు కూడా వ్యవధి లేదు. షేర్‌పాయింట్‌లో ఏ రోజులు పనిరోజులన్నది ప్రతి సైటుకీ విడిగా ఉంటుంది. వారంలో ఏడు రోజులకి ఏడు గళ్ళు. పనిరోజైతే ఒకటి, సెలవైతే సున్నా. సోమవారం నుంచి శుక్రవారం దాకా పనైతే ఆ వరస విలువ 62 అవుతుంది. వందల సైట్లున్నచోట మౌసుతో కూర్చుంటే కొత్త సంవత్సరం దాటిపోయేది. మేము సైట్లన్నిటినీ వరసగా తెరిచి ఆ ఒక్క అంకె మార్చే స్క్రిప్టు రాశాం. షార్జా శాఖ సైట్లని వేరే జాబితాలో పెట్టాం. ముందు ఉత్తుత్తిగా నడిపి, ఇద్దరం చదివి, తర్వాత నిజంగా నడిపాం. టీ చల్లారేలోపు అయిపోయింది.

అప్పటికి సర్వర్లు చాలావరకు ఆఫీసు గదులు వదిలి మేఘాల్లోకి వెళ్ళాయి. 2011లో ఆఫీస్ 365 వచ్చింది. 2019లో మైక్రోసాఫ్ట్ దుబాయ్, అబుధాబీల్లోనే డేటా కేంద్రాలు తెరిచింది. మన హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ళ 2014లో ఆ సంస్థ పగ్గాలు పట్టాక, 2016 ఆగస్టులో పవర్‌షెల్ మూలకోడుని అందరికీ తెరిచారు. ఇప్పుడది లినక్స్ మీదా నడుస్తుంది. ఇవాళ కృత్రిమ మేధని అడిగితే స్క్రిప్టు రాసి చేతిలో పెడుతుంది. కానీ నడిపేముందు చదవాల్సింది మనిషే. షార్జా శాఖకి శుక్రవారం సెలవని దానికి ఎవరో ఒకరు చెప్పాలి కదా.

ఉద్యోగాలు పోలేదా అంటారా? కొన్ని పోయాయి, నిజమే. మౌసుతో సైట్లు తెరవడమే పనిగా ఉన్నవాళ్ళు వేరే పని నేర్చుకోవాల్సి వచ్చింది. అయితే దాచుకున్నవాడి ఉద్యోగం నిలిచిందని, రాసిపెట్టినవాడిది పోయిందని మాత్రం నేను చూడలేదు. ఎమిరేట్స్‌లో మనమందరం వీసా మీద ఉన్నవాళ్ళమే. ఎవరి సంచీ వాళ్ళు ఏదో ఒక రోజు సర్దుకోవాల్సిందే. కట్టిన భవనం మీద కూలీ పేరుండదు, తెరిచిన సైటు మీద మా పేరూ ఉండదు. వెనకొచ్చేవాడికి దారి చెబుతూ రాసిన నాలుగు మాటలు మాత్రం అక్కడే ఉంటాయి.

ఆ పెద్దాయన రాసిన "బాబూ" అన్న మాట నేను తీసెయ్యలేదు. కొత్త పనిముట్టులోకి మార్చి రాసినప్పుడల్లా ఆ వాక్యాన్ని అలాగే పైన పెట్టాను. ఇప్పుడు ఆ కంపెనీలో ఆ పని చేస్తున్న అమ్మాయిది విజయనగరం. ఆ మాట ఎవరిదని మొన్న ఫోన్లో అడిగితే కథంతా చెప్పాను.

చిన్నతల్లీ, ఇప్పుడు నువ్వూ పెద్దదానివై ఎక్కడో ఉద్యోగం చేసుకుంటూ ఉంటావు. మీ టీచరుగారి ప్రశ్నార్థకానికి జవాబు ఇదీ: మీ నాన్న ఆ నల్లతెర మీద, తాను వెళ్ళాక కూడా పని ఆగకుండా చిట్టా రాసిపెట్టేవారు.